తొమ్మిది పరీక్షలు, ఒక పుట్టినతేదీ

క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి ప్రవేశాల ప్రకటన వచ్చిందంటే హుస్నాబాద్ చుట్టుపక్కల బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులకు చేతినిండా పని. మూడో తరగతి ముగించిన పిల్లల్లో ఎవరు బాగా ఉరుకుతున్నారు, ఎవరు దూరం దుంకుతున్నారు అని చూసి పేర్లు రాస్తారు. మొదట మండల స్థాయిలో ఎంపిక, తర్వాత జిల్లాలో, చివరికి రాష్ట్ర స్థాయిలో. 2016లో జిల్లాలు విడిపోయాక హుస్నాబాద్ కరీంనగర్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. పిల్లల గురి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: 1993లో మొదలైన హకీంపేట క్రీడా పాఠశాల, లేదంటే దాని తోబుట్టువుల్లాంటి కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలు.

ఎంపికకు తొమ్మిది అంశాలున్నాయి. ఎత్తు, బరువు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ పరుగు. నిలబడిన చోటి నుంచి ముందుకు దుంకే స్టాండింగ్ బ్రాడ్ జంప్. పైకి ఎగిరే వర్టికల్ జంప్. పది మీటర్ల దూరాన్ని అటూ ఇటూ ఆరుసార్లు ఉరికే షటిల్ రన్. మెడిసిన్ బాల్ విసరడం. నడుము వంచి చేతులు చాచే ఫ్లెక్సిబిలిటీ పరీక్ష. చివరికి 800 మీటర్ల పరుగు.

ఈ జాబితాను ఆషామాషీగా తయారు చేయలేదు. ఫ్లయింగ్ స్టార్ట్‌లో బిడ్డ ముందు నుంచే ఉరికొచ్చి గీత దాటాక గడియారం నొక్కుతారు కాబట్టి, బయలుదేరడంలో తడబాటు లెక్కలోకి రాదు, అసలు వేగమే తెలుస్తుంది. రెండు దుంకుళ్లు తొడ కండరాల్లో వేగంగా ముడుచుకునే పోగుల సత్తా చెబుతాయి. షటిల్ రన్ వేగంకన్నా ఎక్కువగా ఆగడాన్ని కొలుస్తుంది, ఉరికే ఒంటిని ఒక్క అడుగులో నిలిపి వెనక్కి తిప్పడం ఎంత కష్టమో కబడ్డీ ఆడినవాళ్లకు తెలుసు. 800 మీటర్లు గుండెకు, ఊపిరితిత్తులకు, రక్తానికి పరీక్ష. వీటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. టేపు, స్టాప్‌వాచ్, సున్నపు గీతలు చాలు. పైరవీకి చోటు తక్కువ. బడి మైదానం తప్ప మరో మైదానం చూడని బిడ్డకు కూడా ఇక్కడ ఒక అవకాశం దొరుకుతుంది. అందుకే ఈ ఎంపిక పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కింద అడిగే ప్రశ్నలన్నీ ఆ గౌరవంతో అడిగేవే.

తొమ్మిది అంశాలూ ఆ రోజు ఆ ఒళ్లు ఏ స్థితిలో ఉందో చెబుతాయి. ఎంపిక చేసేవాళ్లకు కావలసింది వేరే. ఈ ఎనిమిదేళ్ల బిడ్డ ఇరవై రెండేళ్లకు ఎలా ఉంటుంది? ఈ రెండింటి మధ్య పద్నాలుగేళ్లున్నాయి. పూత చూసి కాపు అంచనా కట్టే మామిడితోట గుత్తేదారు కూడా గాలివానకు కొంత తీసేసి బేరమాడతాడు. మనం పిల్లల విషయంలో దేన్ని తీసేయాలి, దేన్ని కలపాలి?

మొదట తీసేయాల్సింది పుట్టిన నెల.

ఈ సంగతిని లోకానికి చూపించింది మంచు మీద ఆడే ఆట. 1980ల మొదట్లో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో జూనియర్ ఐస్ హాకీ మ్యాచ్‌కు మానసిక శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ, ఆయన భార్య పౌలా వెళ్లారు. చేతిలోని కార్యక్రమ పుస్తకంలో ఆటగాళ్ల పుట్టినతేదీలు చూస్తుంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే పదేపదే కనిపించాయి. కెనడాలో పిల్లల హాకీకి వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే జట్టుకు పోటీపడతారు. ఎనిమిదేళ్ల వయసులో పదకొండు నెలలంటే అప్పటిదాకా బతికిన బతుకులో దాదాపు తొమ్మిదో వంతు. ఆ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. పెద్దవాడు కొంచెం ఎత్తు, కొంచెం బలం, కొంచెం నిబ్బరం. కోచ్ కంటికి అది ప్రతిభలాగే కనిపిస్తుంది. అతన్ని మంచి జట్టులోకి తీసుకుంటాడు. అక్కడ మంచి శిక్షణ, ఎక్కువ మ్యాచ్‌లు. రెండేళ్లు గడిచేసరికి, మొదట లేని తేడా నిజంగానే వచ్చేస్తుంది. బార్న్‌స్లీ బృందం 1985లో దీన్ని ప్రచురించింది. అప్పటి నుంచి ఫుట్‌బాల్‌లో, ఇతర ఆటల్లో, చివరికి బడి చదువుల్లో కూడా ఇదే తేడా బయటపడుతూ వచ్చింది.

అయితే పెద్ద వయసు పిల్లలనే తీసుకుంటే నష్టమేమిటి, వాళ్లూ బాగానే ఆడుతున్నారు కదా అని అడగొచ్చు. దానికి జవాబు 2013లో వచ్చింది. రాబర్ట్ డీనర్ బృందం 1980 నుంచి 2006 దాకా ఉత్తర అమెరికా నేషనల్ హాకీ లీగ్ జట్లు ఎంచుకున్న కెనడా యువకుల లెక్కలు తీసింది. ఎంపికైన వాళ్లలో జనవరి నుంచి మార్చి మధ్య పుట్టినవాళ్లు 36 శాతం, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పుట్టినవాళ్లు 14.5 శాతమే. ఆ తర్వాత ఎవరు ఎలా ఆడారో చూస్తే కథ తలకిందులైంది. ఎంపిక వరుసలో ఒకే స్థానంలో ఉన్నవాళ్లను పోల్చినప్పుడు, 400 మ్యాచ్‌లు ఆడటం, 200 పాయింట్లు సాధించడం లాంటి మైలురాళ్లను ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లు అందుకునే అవకాశం మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లకన్నా దాదాపు రెట్టింపు. పద్దెనిమిదేళ్ల యువకులను చూసి జీతం తీసుకుని అంచనా కట్టే నిపుణులే, కోట్ల డాలర్ల పందెంలో, ఏళ్ల తరబడి ఒకే దిక్కుకు తప్పు చేశారు.

ఇప్పుడు హుస్నాబాద్‌కు రండి. ఇక్కడ ఈ లెక్కకు ఇంకో ముడి పడుతుంది. మన దగ్గర ఒక తరం సర్టిఫికెట్లు తిరగేయండి, జూన్ నెలలో పుట్టినవాళ్లు విపరీతంగా కనిపిస్తారు. ఆ నెలలో కాన్పులు ఎక్కువై కాదు. బడులు తెరిచేది జూన్‌లో. తల్లి బిడ్డను తీసుకొచ్చి, పెద్ద వాన పడ్డ ఏడాది పుట్టిండు సారూ అంటే, పంతులు వయసు సరిపోయేలా జూన్‌లో ఒక తేదీ రాసేవాడు. కాగితం మీద అందరూ ఒకే ఈడు, ఒంట్లో మాత్రం ఏడాది, ఏడాదిన్నర తేడా. కెనడా శాస్త్రవేత్తలకు నమ్మదగ్గ పుట్టినతేదీలు దొరికాయి, వివక్షను పట్టుకోగలిగారు. మన పిల్లల విషయంలో ఆ వివక్షను కొలవడానికి కావలసిన గడియారమే సరిగ్గా లేదు. ఆస్పత్రి కాన్పులు పెరిగాక పరిస్థితి చాలా మారింది. అయినా మారుమూల తండా నుంచి వచ్చే బిడ్డకూ, పట్టణంలో ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకూ కాగితం విలువ ఇప్పటికీ ఒకటి కాదు.

పుట్టినతేదీ నూటికి నూరుపాళ్లు నిజమైనా అసలు చిక్కు తీరదు. ఒంటికి దాని గడియారం దానికుంది. ఆడపిల్లల్లో ఎత్తు వేగంగా పెరిగే దశ సగటున పన్నెండేళ్లకు, మగపిల్లల్లో పద్నాలుగేళ్లకు వస్తుంది. అది సగటు మాత్రమే. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు పదమూడేళ్ల అబ్బాయిల్లో ఒకడి ఎముకలు పదిహేనేళ్ల వాడివిలా, ఇంకొకడివి పదకొండేళ్ల వాడివిలా ఉండొచ్చు. ముందే ఎదిగినవాడు ఆ ఏడు జిల్లా పోటీల్లో అందరినీ గెలుస్తాడు, ఆలస్యంగా ఎదిగేవాడు బెంచీ మీద కూర్చుంటాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఇద్దరూ సమానం కావచ్చు, చాలాసార్లు రెండోవాడు దాటిపోతాడు. అప్పటికి అతను ఆట మానేసి ఉండకపోతేనే.

ఎముకల వయసు తెలుసుకోవడానికి ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. చిన్న ఎముకలు ఎంతవరకు రూపు కట్టాయి, పెరిగే అంచులు ఎంతవరకు మూసుకున్నాయి అన్నది ప్రామాణిక చిత్రాలతో పోలుస్తారు. మన క్రికెట్ బోర్డు 16 ఏళ్లలోపు ఆటగాళ్ల వయసు తనిఖీకి వాడే టీడబ్ల్యూ3 పద్ధతి ఇదే. ఇది వయసు దొంగలను పట్టుకునే పోలీసు పనికే పరిమితమవడం నాకు నచ్చదు. అదే ఎక్స్‌రే ఆలస్యంగా ఎదిగే పిల్లాడి పక్షాన సాక్ష్యం కూడా చెప్పగలదు: ఈ బిడ్డ ఇంకా ఎదగాల్సింది చాలా ఉంది, తొందరపడి తీసేయకండి అని.

ఎక్స్‌రే లేకుండా కూడా ఒక దారి ఉంది. 1994లో ప్రచురితమైన ఖామిస్-రోష్ పద్ధతిలో బిడ్డ ఎత్తు, బరువు, తల్లిదండ్రుల సగటు ఎత్తుతో పెద్దయ్యాక ఎత్తు ఎంతో అంచనా వేస్తారు. ఇప్పటికి అందులో ఎన్నో వంతు పెరిగిందో చూస్తే ఎదుగుదల ఏ దశలో ఉందో తెలుస్తుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అకాడమీల్లో ఈ లెక్కతోనే వయసును పక్కనబెట్టి ఎదుగుదల ప్రకారం జట్లు కట్టి ఆడిస్తున్నారు. అప్పుడు ముందే ఎదిగినవాడికి బలం పనిచేయదు, తెలివి వాడక తప్పదు. ఆలస్యంగా ఎదిగేవాడికి తన ఆట చూపించుకునే చోటు దొరుకుతుంది. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. ఆ సూత్రం అమెరికాలోని ఒహాయో పిల్లల కొలతల నుంచి పుట్టింది. హుస్నాబాద్ పక్కనున్న అక్కన్నపేట, కోహెడ పిల్లలకు దాన్ని ఉన్నదున్నట్టు వాడితే తప్పు అంచనా వస్తుంది. మన పిల్లల కొలతలతో మన సూత్రం కట్టుకోవాలి. ఏళ్ల తరబడి వేలమంది ఎత్తు, బరువు రాసుకున్న క్రీడా పాఠశాలల రికార్డులు అందుకు మంచి మొదలు.

తొమ్మిది అంశాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించేది 800 మీటర్ల పరుగు గురించి.

రక్తంలో ఒక గ్రాము హిమోగ్లోబిన్ దాదాపు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోయగలదు. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు డెసిలీటరు రక్తంలో కనీసం 11.5 గ్రాములుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. 9 గ్రాములే ఉన్న పాప రక్తం, ఆ హద్దు మీద ఉన్న పాప రక్తంకన్నా ఐదో వంతుకు పైగా తక్కువ ఆక్సిజన్ మోస్తుంది. ఇద్దరి గుండెలు ఒకే తీరువైనా, ఇద్దరిలో పట్టుదల ఒకేలా ఉన్నా, రెండో చుట్టులో మొదటి పాప కాళ్లు బరువెక్కుతాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి రక్తహీనత ఉంది. ఆ పిల్లలే నాలుగైదేళ్ల తర్వాత ఈ మైదానం మీదికి వచ్చేది. అంటే 800 మీటర్ల గడియారం కొందరు పిల్లల్లో ప్రతిభకు బదులు ఇనుము లోటును కొలుస్తోంది. ఈ లోటు నయమయ్యేది. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ గోలీ, నులిపురుగుల మాత్ర, గుడ్డు, పప్పు, ఆకుకూర సరిగ్గా అందితే కొన్ని నెలల్లో అంకె మారుతుంది. అప్పుడు మళ్లీ ఉరికిస్తే సమయం మారుతుంది. మండల స్థాయి ఎంపిక రోజున వేలికొసన ఒక్క చుక్క రక్తం తీసి చూడటం పెద్ద ఖర్చు కాదు. పరీక్ష తప్పిన పాప కాగితం మీద ఆ అంకె కూడా ఉండాలి, ఎందుకంటే ఆ అంకె లేకుండా ఆమెను పనికిరాదనడం అన్యాయం.

దీనికి దగ్గరిదే ఇంకో విషయం, నేర్చిన పని. పట్టణంలో స్టేడియం పక్కన ఉండే పిల్లాడు స్టాండింగ్ బ్రాడ్ జంప్ వందసార్లు దుంకి ఉంటాడు. చేతులు వెనక్కి ఊపి, మోకాళ్లు వంచి, ఎప్పుడు వదలాలో అతనికి తెలుసు. తండా పాప మెడిసిన్ బాల్‌ను ముట్టుకోవడం ఆ రోజే మొదలు. ఇద్దరి మధ్య తేడాలో సాధన ఎంత, సత్తా ఎంత? దీన్ని విడదీయడానికి సులువైన మార్గం ఒకటుంది. ముందు ఒకసారి కొలవండి, వారం పది రోజులు అందరికీ ఒకే తీరుగా నేర్పండి, మళ్లీ కొలవండి. రెండు కొలతల మధ్య పెరుగుదల ఎవరిలో ఎక్కువో చూడండి. మొదటి రోజు ఇరవయ్యో స్థానంలో ఉండి పదో రోజు ఎనిమిదో స్థానానికి వచ్చిన పాపలో, రెండుసార్లూ ఐదో స్థానంలో నిలిచిన పాపకన్నా ఎక్కువ దాగి ఉండొచ్చు.

ఇది ఊహ కాదు. మొదలయ్యే చోటు, పెరిగే వేగం రెండూ వేర్వేరని క్లాడ్ బుషార్ బృందం చేసిన హెరిటేజ్ అధ్యయనం చూపించింది. వ్యాయామం అలవాటు లేని కుటుంబాల వాళ్లను తీసుకుని అందరితో 20 వారాల పాటు ఒకే శిక్షణ చేయించారు. ఒళ్లు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ముందు, తర్వాత కొలిచారు. సగటున 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కొందరిలో దాదాపు ఏమీ పెరగలేదు, కొందరిలో లీటరు దాకా పెరిగింది. మొదట్లో ఎక్కువ ఉన్నవాళ్లే ఎక్కువ పెరిగారా అంటే, ఆ రెండింటికీ సంబంధం కనిపించలేదు. శిక్షణకు ఒళ్లు స్పందించే తీరులో దాదాపు సగం దాకా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తోందని కూడా తేలింది. వంశపారంపర్యం అనగానే జన్యు పరీక్ష చేయిస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. ఏసీటీఎన్3 లాంటి ఒకటి రెండు జన్యువుల పేరు చెప్పి, మీ బిడ్డ ఏ ఆటకు పనికొస్తుందో చెబుతామనే వ్యాపారాలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆటల ప్రతిభను గుర్తించడానికి ఈ పరీక్షలకు ఎలాంటి పాత్రా లేదని 2015లో ఈ రంగపు శాస్త్రవేత్తలు ఉమ్మడిగా ప్రకటించారు. ఆ డబ్బుతో బిడ్డకు మంచి బూట్లు కొనండి.

ఇంతసేపూ ఒంటి గురించే మాట్లాడాను. ఆటలో ఒళ్లు సగమే.

ఐస్ హాకీలో మంచు మీద ఒక్కో జట్టుకు ఆరుగురు. గోలు ముందు ఒకరు, రక్షణకు ఇద్దరు, రెండు పక్కల ఇద్దరు వింగర్లు, నడుమ సెంటర్. ఆట ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ రెండు జట్ల సెంటర్లు ఎదురెదురుగా వంగి నిలబడతారు, మధ్యలో పడిన పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను, ఎవరు లాక్కుంటే అది వాళ్లదన్నట్టు. దాడిలో పక్కవాళ్లకు అందించాలి, పక్ పోతే అందరికన్నా ముందు వెనక్కి ఉరికి తన గోలు ముందు కాపు కాయాలి. ఏ క్షణంలో ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతే సెంటర్ పనికిరాడు. మంచు ఎరుగని తెలంగాణకు ఈ ఆట దూరమే. మన దేశంలో దానికి ఇల్లు లద్దాఖ్. 2025లో ఆసియా కప్‌లో భారత మహిళల జట్టు కాంస్యం గెలిచింది. మన దగ్గర చక్రాల స్కేట్లే మంచుకు బదులు. ఆ స్కేట్ల మీదే హైదరాబాద్ యువకుడు అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు. అయినా సెంటర్‌ను ఎలా అంచనా కట్టాలన్న ప్రశ్న ఇంత వివరంగా, ఇన్నేళ్లుగా అడిగిన ఆటలు తక్కువ కాబట్టి అక్కడి అనుభవం మనకు పనికొస్తుంది.

1993లో నేషనల్ హాకీ లీగ్ ఎంపికలో ఒటావా జట్టు అందరికన్నా ముందు ఎంచుకున్న సెంటర్ అలెగ్జాండర్ డేగ్. వేగం, నైపుణ్యం, పేరు అన్నీ ఉన్నాయి. అతని మీద పెట్టుకున్న ఆశలు ఫలించలేదు. 1998లో డెట్రాయిట్ జట్టు 171వ స్థానంలో ఎంచుకున్న సెంటర్ పావెల్ దాత్సుక్. సన్నగా, చిన్నగా ఉండే రష్యా కుర్రాడు. ఆ జట్టు స్కౌట్ హోకన్ ఆండర్సన్ వేరే ఆటగాణ్ని చూడటానికి వెళ్లి ఇతన్ని చూశాడు. దాత్సుక్ రెండుసార్లు స్టాన్లీ కప్ గెలిచిన జట్టులో ఆడాడు, రక్షణలో ఉత్తమ ఫార్వర్డ్‌కు ఇచ్చే సెల్కీ ట్రోఫీ మూడుసార్లు అందుకున్నాడు, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఇక వేన్ గ్రెట్జ్కీ. పదేళ్ల వయసులో ఒక్క సీజన్‌లో 378 గోల్స్ కొట్టిన ఈ సెంటర్, ఎడ్మంటన్ జట్టు చేసే బలం పరీక్షల్లో తోటివాళ్లకన్నా వెనకబడేవాడు. పక్ ఎక్కడికి వస్తుందో ముందే అక్కడ ఉండేవాడు. ఏ సైకిల్ పరీక్షా, ఏ దుంకుడు పరీక్షా ఆ గుణాన్ని కొలవలేదు.

కొలవలేమా? కొలవొచ్చు. జానెట్ స్టార్క్స్ 1987లో మనం ఆడే మైదానం హాకీ మీదే ఈ పరిశోధన చేసింది. జాతీయ జట్టు క్రీడాకారిణులకూ, మిగతావాళ్లకూ చురుకుదనంలో, అంటే దీపం వెలగ్గానే బటన్ నొక్కే వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆట మధ్యలోని దృశ్యాన్ని కొన్ని క్షణాలు చూపించి ఎవరెక్కడున్నారో గుర్తు చేయమన్నప్పుడు, బంతి తగలకముందే వీడియో ఆపి అది ఎటు పోతుందో చెప్పమన్నప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. వాళ్ల కళ్లు అందరి కళ్లలాంటివే, చూసిన దాంట్లోంచి ఏరుకునేది వేరు.

ఈ పరీక్షను హుస్నాబాద్ మైదానంలో చేయడానికి పైసా ఖర్చు లేదు. కబడ్డీ కానీ ఖోఖో కానీ ఆడుతుండగా సారు ఈల ఊదాలి. అందరూ ఉన్నచోటే వెనక్కి తిరిగి నిలబడాలి. నీ వెనక ఎవరున్నారు, మూల ఎవరు కాస్తున్నారు, రైడర్ ఏ కాలు ముందు పెట్టాడు అని ఒక్కొక్కరినీ అడగాలి. లేదా ఫోన్‌లో తీసిన ఆటను రైడర్ చెయ్యి చాచే క్షణంలో ఆపి, ఎవరిని తాకబోతున్నాడో చెప్పమనాలి. తొమ్మిది అంశాల్లో అడుగున ఉన్న ఒక పిల్లాడు ఇక్కడ పైకి వస్తాడు. వాడి పేరు కూడా రాసిపెట్టుకోవాలి. నన్నడిగితే ఇది పదో పరీక్షగా చేరాలి.

మన ఉత్తర తెలంగాణ, దాని చుట్టుపక్కల పైకి వచ్చినవాళ్ల దారులు చూసినా ఒకే కొలతకు లొంగేవి కావు. నిజామాబాద్ నిఖత్ జరీన్ మొదట పరుగులు తీసింది, తర్వాత బాక్సింగ్ గ్లవ్స్ తొడిగింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది, ఆ తర్వాత భుజం గాయం, ఎదురుచూపు దాటుకుని 2022లో, 2023లో సీనియర్ ప్రపంచ విజేత. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని హర్డిల్స్ నుంచి ఏడు అంశాల హెప్టాథ్లాన్‌కు మారింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో కాంస్యం అందుకుంది. నాలుగో స్థానంతో తేడా 4 పాయింట్లు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తికి మేధోపరమైన వైకల్యం ఉందని ఊళ్లో ఎగతాళి చేసినవాళ్లున్నారు. బడి పోటీల్లో ఆమె పరుగు చూసి నమ్మినవాళ్లూ ఉన్నారు. 2024లో కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ఉరికి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, ఆ ఏడే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. సూచనలు విని వెంటనే పాటించే పిల్లలకే మార్కులు పడే పరీక్షలో ఇలాంటి బిడ్డ ఎక్కడ నిలిచేదో ఆలోచించండి.

ఆట మార్చడం, ఆలస్యంగా కుదురుకోవడం అరుదైన సంగతులు కావు. ఆర్నె గ్యులిష్ బృందం 6,096 మంది క్రీడాకారుల వివరాలున్న పరిశోధనలను కలిపి చూసింది. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవాళ్లు, జాతీయ స్థాయి దగ్గర ఆగినవాళ్లతో పోలిస్తే చిన్నప్పుడు ఎక్కువ రకాల ఆటలు ఆడారు, తమ అసలు ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారు, మొదట్లో నెమ్మదిగా ఎదిగారు. అదే బృందం 2023లో ఇంకో లెక్క చెప్పింది. 17, 18 ఏళ్ల వయసు విభాగాల్లో అంతర్జాతీయ స్థాయికి చేరినవాళ్లలో 89.2 శాతం పెద్దల విభాగంలో ఆ స్థాయికి చేరలేదు. పెద్దల విభాగంలో అంతర్జాతీయ స్థాయిలో ఉన్నవాళ్లలో 82 శాతం ఆ చిన్న వయసులో అక్కడ లేరు. పదిహేడేళ్లకే ఇంత తేడా ఉంటే ఎనిమిదేళ్ల దగ్గర ఎంతుండాలి!

అందుకని ఎనిమిదేళ్లకు ఎంపిక మానేయాలని నేననను. హకీంపేటలో దొరికే తిండి, కోచ్, మైదానం ఒక పేద బిడ్డ జీవితాన్ని మార్చగలవు, అవి తొందరగా దొరకడమే మంచిది. నేనడిగేది రెండో తలుపు, మూడో తలుపు. పదకొండేళ్లకు ఒకసారి, పద్నాలుగేళ్లకు ఒకసారి బయటి పిల్లలకు మళ్లీ అవకాశం ఉండాలి, అప్పుడు లోపలి పిల్లలతో సమానంగా కొలవాలి. అందుకు మండలంలో వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గర ఒక రిజిస్టరు చాలు. మూడు నెలలకోసారి ఎత్తు, కూర్చున్న ఎత్తు. కాళ్లు ముందు పెరిగి మొండెం తర్వాత పెరుగుతుంది కాబట్టి ఈ రెండింటి తేడా ఎదుగుదల దశను పట్టిస్తుంది. తల్లిదండ్రుల ఎత్తు, హిమోగ్లోబిన్, మొదటి పరీక్ష, నేర్పాక రెండో పరీక్ష, ఈల ఊదినప్పుడు చెప్పిన జవాబులు. ఎంపిక కాని పిల్లల పేర్లను కూడా అందులోనే ఉంచాలి.

పుట్టినతేదీ ముడి కూడా విడిపోయే రోజు దగ్గరలోనే ఉంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ పిల్లలు 2031 అక్టోబరు నుంచి ఒక్కొక్కరుగా ఎనిమిదేళ్లు నింపుకుంటారు, 2032 ఎంపికలో నాలుగో తరగతి గీత దగ్గర నిలబడతారు. ఆ ఏడు హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ జాబితాలు బయటికి రాగానే చేయాల్సిన మొదటి పని పుట్టిన నెలలు లెక్కబెట్టడం. పన్నెండు నెలలకూ పేర్లు ఇంచుమించు సమానంగా పంచుకుని ఉన్నాయో, వయసు లెక్క మొదలయ్యే నెలల దగ్గరే గుమిగూడాయో కాగితం, కలం ఉన్న ఎవరైనా అరగంటలో తేల్చేయొచ్చు.